ఒక్క రింగు మనుషులు

ఫిబ్రవరి 3, ఆదివారం

ఈ రోజు నుంచి రోజూ రాయాలనుకుంటున్నాను. కారణం ఉంది. మా మేనేజరు ఉస్తాజ్ హాతిమ్ నన్ను తన గదిలోకి పిలిచి ఒక రిపోర్టు తయారు చెయ్యమన్నారు. ఫోన్ బల్ల దగ్గర ఆరుగురు అమ్మాయిలం కూర్చుంటాం, అందరిలోకీ నన్నే పిలిచారు. కామర్స్ డిగ్రీ ఉన్నది నీకొక్కదానికే కదా అన్నారు. మా ఇంట్లో బడి మెట్లెక్కింది కూడా నేనొక్కదాన్నే అని చెప్పబోయి ఆగిపోయాను. ఆఫీసులో అలాంటివి చెప్పుకోకూడదని నా పక్క కుర్చీ మరీనా ఎప్పుడూ అంటుంది.

విషయం ఇది. మా వెబ్‌సైట్లో కుక్కరు కొన్నా దుప్పటి కొన్నా, ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చెయ్యడానికి ఒక నంబరుంది. ఆ నంబరు ఉంచాలా, లేక మార్చి ఒకటి నుంచి తీసేసి అందరినీ చాట్‌లోకి పంపెయ్యవచ్చా? అంకెలతో తేల్చి చెప్పాలి. మా ఉద్యోగాలకేమీ కాదు, మాట్లాడే బదులు టైపు చేస్తాం, అంతే. రిపోర్టు బాగుంటే పై అంతస్తులో డేటా వాళ్ళ పక్కన నాకొక బల్ల.

బస్సులో తాంతా ఊరంతా నాకే దారి ఇస్తున్నట్టనిపించింది.

ఫిబ్రవరి 4

ముందు ఒక చిన్న పరీక్ష చేశాను. మన నంబరు దొరకాలంటే కొనుక్కున్నవాళ్ళు ఎంత దూరం నడవాలి? మొదటి పేజీలో లేదు. అడుగున 'సహాయం', అందులో 'ప్రశ్నలు', అందులో మళ్ళీ ప్రశ్నలు. 'మీ సందేహం తీరిందా' అంటే లేదని నొక్కాలి, 'నిజంగా తీరలేదా' అంటే మళ్ళీ లేదనాలి. చివరికి బూడిద రంగులో చిన్న అంకెలు. ఆరు పేజీలు. ఎక్కడుందో తెలిసిన నాకే పదకొండుసార్లు నొక్కాల్సి వచ్చింది.

మరీనా చూసి, మా నాన్నయితే ఆ నంబరు దొరికేలోపు ఇంకో కుక్కరు కొనేస్తాడు అంది.

అయినా జనానికి నంబరు తెలుస్తూనే ఉంది. సామాను ఇచ్చే మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి రసీదు మీద పెన్నుతో రాయించుకుంటారట. అది కూడా రిపోర్టులో రాశాను.

ఫిబ్రవరి 6

కనుక్కున్నాను.

పోయిన నెల కాల్స్ అన్నీ తీసి వరసగా పేర్చాను. నూటికి డెబ్భై ఒకటి మొదటి రింగుకే ఆగిపోయాయి. రికార్డు గొంతు 'మీకు స్వాగతం' అనే లోపే అవతలి వాళ్ళు పెట్టేశారు. నిజంగా అవసరమున్నవాళ్ళయితే ఆగుతారు కదా. అంటే ఆ డెబ్భై ఒక్కరూ ఊరికే చేస్తున్నవాళ్ళు. మేము హెడ్‌ఫోన్లు పెట్టుకుని రోజంతా ఎదురుచూసేది మిగిలిన ఇరవై తొమ్మిది మంది కోసం. వాళ్ళ కోసం చాట్ చాలదా?

ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు. నాకు కనబడింది. మధ్యాహ్నం కుషరీ తినడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 7

రిపోర్టులో గీసిన వృత్తంలో ఆ డెబ్భై ఒకటి ముక్కకి ఎరుపు వెయ్యాలా, నారింజ వెయ్యాలా? ఎరుపే.

ఫిబ్రవరి 10, ఆదివారం

చెప్పేశాను. నేనుంటున్న ఇంట్లో పిన్ని దగ్గర తీసుకున్న నీలం కోటు వేసుకుని, గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆ ఎర్ర ముక్కకి 'ఆకతాయి కాల్స్' అని పేరు పెట్టింది నేనే. ఉస్తాజ్ హాతిమ్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే, నా ముందే కైరోలో యజమానులకి ఫోన్ చేసి అదే మాట రెండుసార్లు వాడారు. నంబరు మార్చి ఒకటిన తీసేస్తారు. ఖాయం.

బయటికొచ్చాక మరీనా నన్ను ఆపింది. "నూటికి డెబ్భై ఒక్కరు ఆకతాయిలేంటే షురూక్? ఈ దేశంలో అంతమందికి తీరిక ఉందా?"

బడులకి సెలవులు కదా, పిల్లలు ఫోన్లతో ఆడుకుంటున్నారని చెప్పాను. నమ్మినట్టు లేదు. కాస్త అసూయ కూడా ఉండొచ్చు. మంచిదే పాపం, కానీ మనిషే కదా.

నంబరు తీసేసేదాకా అయినా మాకు ఊపిరాడాలని, ఎక్కువగా విసిగిస్తున్న రెండు వందల నంబర్లు జాబితా చేసి ఇవ్వమన్నారు. వాటిని ఆపేస్తారు. గురువారం లోపు ఇవ్వాలి.

ఫిబ్రవరి 12

జనవరి ఒకటి నుంచి నిన్నటిదాకా వచ్చిన కాల్స్‌తో జాబితా తయారైంది. ఎక్కువసార్లు చేసినవాళ్ళు పైన, తక్కువ చేసినవాళ్ళు కింద.

పైనుంచి నాలుగోది నాకు తెలిసిన నంబరు.

ఫిబ్రవరి 13

జేబులో పొరపాటున నొక్కుకుని ఉంటుంది. ముప్ఫై ఒక్కసార్లు. అమ్మ వేసుకునే గలాబియా గౌనుకి జేబు పెద్దది, అందులో ఫోనూ, తాళాలూ, గోళ్ళ కత్తెరా అన్నీ కలిపి వేసుకుంటుంది.

సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాను. ఛార్జింగ్ లేదు.

ఫిబ్రవరి 14

జాబితా ఇచ్చేశాను. అమ్మ నంబరు తీసేశాను, అది పొరపాటున వచ్చిందే కనక. అప్పుడు నూట తొంభై తొమ్మిదయ్యాయి. రెండు వందలు అడిగితే నూట తొంభై తొమ్మిది ఇవ్వడం బాగుండదు. అందుకని రెండు వందల ఒకటో నంబరుని పైకి జరిపాను.

పై అంతస్తు బల్ల చూసి వచ్చాను. కిటికీలోంచి సయ్యద్ అల్-బదవీ మసీదు గుమ్మటాలు కనబడతాయి. కుర్చీకి చక్రాలున్నాయి.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఊరికి వెళ్ళి వచ్చాను.

ముందు గదిలో బట్టల పెట్టె మీద ఇంకో పెట్టె ఉంది. తెల్లటి ప్లాస్టిక్, పైన గాజులాంటి మూత. పక్కన మడిచి పెట్టిన అట్ట, దాని మీద మా కంపెనీ టేపు. నేను చూస్తున్నానని అమ్మకి సిగ్గేసింది. గుడ్లు పొదిగే కరెంటు పెట్టె అది. పక్కింటి ఉమ్మ్ వహీద్ కూతురు ఫోన్లోంచి తెప్పించిందట. ఒక్కసారే నలభై బాతు పిల్లలు తీసి, పిల్లలు పుట్టాకే నాకు చెబుదామనుకుందట.

తొమ్మిది రోజులు బాగా నడిచింది. పెట్టె మీద ముప్ఫై ఏడు అంకె ఉండాలని అందరూ చెప్పారు, ముప్ఫై ఏడే ఉంది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే గుడ్లలో ఎర్రటి దారాలు కూడా కనబడ్డాయట. పదో రోజు కరెంటు పోయి వచ్చింది. రాగానే తొంభై తొమ్మిది అని చూపించడం మొదలుపెట్టింది. గుడ్లు ఉడికిపోతాయని అమ్మ భయపడి తీగ పీకేసింది. రెండు పొదుగు కోళ్ళ కింద పన్నెండు గుడ్లు సర్దింది. మిగతా వాటిని బొంతలో చుట్టింది. చుట్టేసి మాకు ఫోన్ చేసింది.

ఆ పెట్టె గురించి మా బల్ల దగ్గర అందరికీ వచ్చిన జవాబు ఒకటే. కరెంటు పోయి వస్తే అది వేడిని ఇంకో కొలతలో చూపిస్తుంది. లోపల వేడి మాత్రం మారదు. పక్కనున్న మీట మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు. తీగ తగిలించి నొక్కాను. ముప్ఫై ఏడు వచ్చింది.

అమ్మ ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతే."

అప్పుడడిగాను. "ఒక్క రింగుకే ఎందుకు పెట్టేశావమ్మా?"

"పెట్టెయ్యక? ఫోన్లో ఉన్న నాలుగు పైసలూ వాళ్ళ సంగీతానికే అయిపోవూ? రింగిచ్చాను కదా, చూసుకుని వాళ్ళే చేస్తారులే అనుకున్నా."

"ఆఫీసుల వాళ్ళు అలా తిరిగి చెయ్యరమ్మా."

"ఏం, నా నంబరు కనబడదా వాళ్ళకి?"

"కనబడుతుంది."

"కనబడి కూడా చెయ్యరా?" అమ్మకి నిజంగానే ఆశ్చర్యం. "ఏ తల్లి పెంచిందో వీళ్ళని."

నేను అంట్లు తీసి కడగడం మొదలుపెట్టాను.

నాకెందుకు చెప్పలేదని అక్కడినుంచే అడిగాను. మా అమ్మాయి మీ దగ్గరే పని చేస్తుంది, నా సంగతి ముందు చూడండి అంటే నీకు చెడ్డపేరు రాదా అంది అమ్మ. "అందరిలాగే నేనూ వరసలో ఉన్నాను. నా వంతు వస్తే చేస్తారు కదా అని ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా."

వాకిట్లో ఒక గుడ్డు పగలగొట్టి చూశాం. ముక్కు అప్పుడే వస్తోంది. కన్ను మాత్రం పెద్దది, నల్లది. ఇరవై ఎనిమిది గుడ్లూ అంతే. అమ్మ వాటిని మట్టిలో కప్పెట్టి, చేతులు కడుక్కుని, నాకోసం ఫితీర్ రొట్టె వేడి చేసింది. వెన్న ఎక్కువ వేసింది.

మొదటిసారి తను ఫోన్ చేసింది మూడో తారీకున. ఉస్తాజ్ నన్ను గదిలోకి పిలిచిన రోజు.

రిపోర్టు సంగతి చెబుదామనుకున్నాను. బస్సుకి టైమైంది. వచ్చే శుక్రవారం చెబుతాను.

ఫిబ్రవరి 16, శనివారం

సెలవు. ఇంట్లో నిలవలేకపోతున్నాను.

పిన్ని పొయ్యి మీద అన్నం పెడుతూ కిటికీలోంచి చూసి ఎవరికో ఒక్క రింగిచ్చింది. కిందనుంచి కూరగాయలామె తిరిగి చేసింది. బాబాయి స్టేషన్లో దిగితే ఒక్క రింగు. నేను ఆఫీసుకి చేరగానే పిన్నికి ఒక్క రింగు, నేనే ఇస్తాను, రెండేళ్ళుగా. రిపోర్టు రాసేటప్పుడు ఇదంతా నాకు తెలియదా?

తెలుసు. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు కింద వదిలేసి వెళ్ళాను, అంతే.

వాళ్ళు డెబ్భై ఒక్క మంది ఆకతాయిలు కాదు. డెబ్భై ఒక్క మంది వరసలో కూర్చున్నారు.

నంబరు తీసెయ్యడానికి ఇంకా పన్నెండు రోజులుంది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ఎనిమిదిన్నరకే ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఎవరూ రాలేదు. మొట్టమొదట నేను పైకి జరిపిన ఆ రెండు వందల ఒకటో నంబరుకి చేశాను. సగం రింగుకే ఎత్తారు. దుమియాత్‌లో దుసూఖీ అనే వడ్రంగి. మా దగ్గర కొన్న రంపం యంత్రానికి పళ్ళచక్రం వేరే సైజుది వచ్చింది.

కంపెనీ నుంచి అని చెప్పాను. నెమ్మదిగా అన్నాడు: "అమ్మాయీ, నాలుగు రోజుల్నుంచి స్నానానికి కూడా ఈ ఫోన్ పట్టుకునే వెళ్తున్నాను. మా ఆవిడ నన్ను అనుమానిస్తోంది. ఒక్కసారి ఆమెతో మాట్లాడు."

ఆమెతో మాట్లాడాను. చక్రం మార్చి పంపేలా రాసుకున్నాను. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆపుకోలేకపోయాను. వెంటనే కింది నుంచి రెండో నంబరు. మూడోది.

మరీనా వచ్చి నా వెనక నిలబడింది. కాసేపు విని, ఆకతాయిలు దొరికారా అంది. సగం జాబితా ఆమె ముందుకి తోశాను. ఏమీ అడగకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నిన్ను అసూయ అనుకున్నానని ఆమెకి చెప్పలేదు. ఇక్కడ రాశాను, చాలు.

ఫిబ్రవరి 18

అరవై నాలుగు. ఖాళీ దొరికిన ప్రతిసారీ చేస్తున్నాం. అందరూ ఎత్తుతున్నారు. అన్నిటికంటే ఆశ్చర్యం అదే, అందరూ మొదటి రింగుకే ఎత్తుతున్నారు.

ఫిబ్రవరి 19

ఆరుగురమూ చేస్తున్నాం ఇప్పుడు. గొంతు పోయింది. సోంపు నీళ్ళు తాగుతూ రాస్తున్నాను. చాట్‌లో ఎందుకు రాయలేదని అందరినీ అడిగాను. బనీ సువైఫ్‌లో ఒకామె, "రాయడం వస్తే నీతో ఎందుకమ్మా, నేనే ఉద్యోగం చేసుకునేదాన్ని" అంది. నా ఎర్ర వృత్తంలో ఈ మాట ఎక్కడ పడుతుంది?

ఇప్పటిదాకా చేసినవాటిలో నిజంగా ఆకతాయిలు తొమ్మిది మంది. వాళ్ళలో ఒకడు మరీనాతో పెళ్ళి మాటలు కూడా మాట్లాడాడు.

ఫిబ్రవరి 20, బుధవారం

ఉస్తాజ్ హాతిమ్ పిలిచారు. మా బల్ల నుంచి బయటికి వెళ్ళిన కాల్స్ అన్నీ ఆయన ముందు కాగితం మీద ఉన్నాయి. ఎవరు చెయ్యమన్నారని అడిగారు.

కొత్త వృత్తం ఆయన ముందు పెట్టాను. చేత్తో గీసింది, రంగుల్లేవు. నా రిపోర్టు తప్పు, ఒక్క రింగిచ్చినవాళ్ళంతా మన ఫోన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు అని చెప్పాను.

"రాసింది నువ్వే. కైరోకి పంపింది నేను. ఇప్పుడు తప్పంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తప్పు నాదని నా పేరుతో రాయండి, ఉస్తాజ్. ఇంకొకటి కూడా ఉంది. ఆపెయ్యమని ఇచ్చిన జాబితాలో ఒక నంబరు తీసేసి వేరేది పెట్టాను."

"ఎవరిది తీశావు?"

"మా అమ్మది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను. అలిసిపోయినట్టుగా మాట్లాడారు. నిజంగా అవసరమున్నవాడు లైన్లో నిలబడతాడనీ, ఒక్క రింగిచ్చి పారిపోయేవాడి వెంట కంపెనీ పరిగెత్తాలా అనీ అన్నారు. అంటూనే మొబైల్ తీసి ఏదో నొక్కి, చెవి దగ్గర కూడా పెట్టుకోకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. చాట్ ఎంత చవకో, ఎంత వేగమో చెప్పసాగారు. నేను తల ఊపలేదు.

మూడు నిమిషాల తరవాత తలుపు తీసుకుని కింద కాఫీ దుకాణం అబ్దూ వచ్చాడు. పళ్ళెంలో పుదీనా వేసిన టీ. బల్ల మీద పెట్టాడు.

"మీరు టీ అడగలేదు కదా ఉస్తాజ్," అన్నాను.

"అడిగాను కదా, ఇప్పుడే రింగి..."

ఆగిపోయారు.

అబ్దూకి ఏమీ తెలియదు పాపం. నా వైపు తిరిగి ఓపిగ్గా చెప్పాడు: "ఒక్క రింగంటే పుదీనా టీ అమ్మా. రెండంటే కాఫీ. ఎనిమిదేళ్ళుగా అంతే."

అతను వెళ్ళాడు. ఉస్తాజ్ టీ సగం తాగి నా చేతిలోంచి జాబితా తీసుకున్నారు. మేమింకా చెయ్యని నంబరు ఏదో చూపించమన్నారు. ఆయనే చేశారు. అటువైపు మిన్యాలో ఎవరో ముసలాయన, రేడియో పని చెయ్యదట. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడారు. మధ్యలో ఉస్తాజ్ లేచి నిలబడి, "చిత్తం హాజ్, చిత్తం, తప్పు మాదే" అన్నారు. అలా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

పెట్టేశాక, "కొత్త రిపోర్టు రాయి. ఆదివారం కల్లా కావాలి. పై బల్ల మాట మాత్రం ఇప్పుడు ఎత్తకు," అన్నారు.

ఎత్తనన్నాను. నాకు బల్ల ముఖ్యం కాదు.

ఫిబ్రవరి 22, శుక్రవారం

అమ్మకి చెప్పాను. వరసగా చెప్పాను: రిపోర్టు, ఎరుపు రంగు, ఆకతాయిలన్న పేరు, జాబితా, తన నంబరు తీసి ఇంకొకరిది పెట్టడం. బీన్స్ ఒలుస్తూ వింది, ఒలవడం ఆపలేదు.

"మరి ఆ మనిషికి చేశావా? నా బదులు పెట్టినాయనకి?"

"అందరికంటే ముందు ఆయనకే చేశాను."

"ఏమన్నాడు?"

స్నానాల గది సంగతి చెప్పాను. అమ్మ గింజలు ఒలికిపోయేంత నవ్వింది. తరవాత తల మీది గుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుని, "ఇరవై ఎనిమిది, షురూక్" అంది. అంతే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కోళ్ళ కింద గుడ్లు బతికే ఉన్నాయి. ఇద్దరం చేతులు పెట్టి చూశాం.

ఫిబ్రవరి 24

రిపోర్టు ఇచ్చాను. ఈసారి ఒక్క వృత్తం కూడా లేదు. పదిహేను మంది చెప్పిన మాటలు చెప్పినవి చెప్పినట్టే రాశాను, ఊరి పేర్లతో. చివర ఒక పేజీ: నంబరు మొదటి పేజీలో పైన, పెద్ద అంకెల్లో ఉండాలి. పెట్టె అట్ట మీద కూడా. ఒక్క రింగొస్తే గంట లోపల మనమే చెయ్యాలి.

ఫిబ్రవరి 25

జవాబు రాలేదు. కాల్స్ చేస్తున్నాం.

ఫిబ్రవరి 26

కైరో ఒప్పుకుంది.

మూడు నెలలే, ఆ తరవాత చూస్తామన్నారు. అయినా ఒప్పుకుంది. నంబరు తియ్యరు. మొదటి పేజీలోకి వస్తుంది. రెండు వందల నంబర్లనీ మధ్యాహ్నానికల్లా వదిలేశారు. వదిలిన పది నిమిషాలకి మా బల్ల మీద ఫోన్లు మొదలయ్యాయి, ఒక్కొక్క రింగు, ఒక్కొక్క రింగు, చెట్టు మీద పిట్టలు దిగినట్టు. మరీనా కుర్చీ ఎక్కి జగారీత్ కేక పెట్టింది, పెళ్ళిలో పెట్టినట్టు. కింద మిఠాయి కొట్టు వాళ్ళు ఎవరికి పెళ్ళి కుదిరిందని అడగడానికి మనిషిని పంపారు.

పై బల్ల కైరో నుంచి వచ్చే అతనికి ఇచ్చారట. నాకేమీ అనిపించలేదు. కొంచెం అనిపించింది. కుర్చీకి చక్రాలుండేవి.

ఫిబ్రవరి 27

ఒక నంబరు మాత్రం ఎత్తడం లేదు. ఖినా వైపుది. జనవరి నుంచి నలభై ఆరు రింగులు, జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది. ఫిబ్రవరి రెండు తరవాత ఒక్కటి కూడా లేదు. ఆదివారం నుంచి రోజూ చేస్తున్నాను. మోగుతుంది, మోగి ఆగిపోతుంది. ఇప్పుడు వరసలో నేనున్నాను.

వదిలెయ్యవే, అందరూ దొరకరు అంది మరీనా. వదలను.

ఫిబ్రవరి 28, గురువారం

ఉదయం పదకొండింటికి ఎత్తింది.

పెద్దావిడ. పేరు సబీహా. కంపెనీ నుంచి అనగానే, ఏ కంపెనీ అని అడిగింది. చెప్పాను. అంతే, మొదలుపెట్టింది.

బట్టలుతికే యంత్రం కొన్న రోజు నుంచి మొదలుపెట్టింది. అది ఇంట్లోకి రావడానికి తలుపు ఊడదీసిన సంగతి చెప్పింది. రెండో ఉతుకుకే అది గది మధ్యకి నడిచి వచ్చిందట. వాడలోని ఆడవాళ్ళంతా చూడడానికి వచ్చారట. నలభై ఆరు రింగుల్లో ఒక్కొక్కటీ ఏ పూట ఇచ్చిందో, అప్పుడు పొయ్యి మీద ఏముందో చెప్పింది. నన్నూ, నా కంపెనీనీ, ఆ యంత్రాన్ని తెచ్చిన పడవనీ, ఆ పడవని మోసిన సముద్రాన్నీ తిట్టింది. చివరికి ఆ యంత్రాన్ని మేకలకి గడ్డి వేసే తొట్టిగా వాడుతున్నానంది. నిన్నటిదాకా ఫోన్ ఎందుకు ఎత్తలేదో కూడా చెప్పింది. మా నంబరు చూసి, కావాలనే ఎత్తలేదట. మాకూ తెలియాలని.

క్షమించండి అన్నాను. మధ్యలో మాట్లాడకు అంది.

మాట్లాడలేదు. నలభై నిమిషాలు. మరీనా కాగితం మీద 'ఎవరు?' అని రాసి చూపిస్తే 'అందరూ' అని రాశాను. నా చెవి మండిపోతోంది, నా మొహం మాత్రం నవ్వుతోందని అందరూ చెబుతున్నారు. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నలభై ఆరుసార్లు పెట్టేసిన మనిషి, ఈ రోజు ఒక్కసారి కూడా పెట్టెయ్యలేదు.

కొత్త యంత్రం పంపిస్తామనీ, బిగించే మనిషి వస్తాడనీ చెబితే, అది సరేలే అంది. తరవాత ఎవరో తలుపు కొట్టిన చప్పుడు.

"వెళ్ళాలి, రొట్టెల ఆమె వచ్చింది. నేను చెప్పేది ఇంకా అవ్వలేదు. ఆదివారం ఇదే టైముకి చెయ్యి."

రాసుకున్నాను. ఆదివారం, పదకొండు గంటలు, సబీహా.